కవచం మీద గొడుగు

గుర్రమెక్కిన కవచధారులను, మాయమంత్రాలను తీసుకొచ్చి యంత్రయుగంతో ముడిపెట్టిన నవల అనగానే మార్క్ ట్వేన్ పేరు చెబుతారు. ఆయనకన్నా 50 ఏళ్ల ముందే స్కాట్లాండులో ఒక జమీందారు అదే పని నిజంగా చేసి, నిలువునా తడిసిపోయాడు.

1838లో విక్టోరియా రాణి పట్టాభిషేకం జరిగింది. ఖర్చు తగ్గించాలని ప్రభుత్వం పాతకాలపు విందును, కవచం తొడిగిన వీరుడు గుర్రం మీద వచ్చి సవాలు విసిరే తంతును ఎత్తేసింది. స్కాట్ రాసిన వీరుల నవల 'ఐవన్‌హో' చదివి పెరిగిన దొరలకు అది చిన్నతనంగా తోచింది. 'ఆ ముచ్చటేదో మా ఎస్టేటులో తీరుస్తాను' అని కవచధారుల ఈటెల పోటీ తలపెట్టాడు ఎగ్లింటన్ ప్రభువు. కవచాల సరఫరా లండన్ వర్తకుడు శామ్యూల్ ప్రాట్‌ది. ఖర్చు సంగతి తెలిశాక చాలామంది వీరులు మెల్లగా జారుకున్నారు.

1839 ఆగస్టు 28న, కొత్తగా వేసిన రైలుమార్గం సాయంతో జనం విరగబడ్డారు. లక్షమంది దాకా వచ్చారని అంచనా. ఊరేగింపు కదిలేసరికి కుండపోత. పోటీకి 'రాజు' వేషం కట్టిన లండన్‌డెరీ ప్రభువు, గుర్రం దిగకుండానే పెద్ద ఆకుపచ్చ గొడుగు విప్పాడు. విందు డేరా నీళ్లపాలైంది. పోటీ మళ్లీ రెండు రోజులకు గానీ జరగలేదు.

కాంతారావు సినిమాలు చూసినన్నాళ్లూ కత్తివీరుడికి వీపు దురద పెడితే ఎలాగన్న అనుమానం నాకు రాలేదు. ట్వేన్‌కి వచ్చింది! కవచంలో ఇరుక్కున్నట్టు, గోక్కోలేనట్టు, రుమాలు పెట్టుకోను జేబైనా లేనట్టు కల కన్నానని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. 1889లో వచ్చిన ఆయన నవలలో, హార్ట్‌ఫర్డ్ తుపాకుల ఫ్యాక్టరీ మేస్త్రీ ఒకడు ఆర్థర్ రాజు కాలంలో తేలతాడు. సూర్యగ్రహణం ఎప్పుడో ముందే తెలిసినందుకు మహామాంత్రికుడైపోతాడు. వీరుల మెడలో సబ్బు ప్రకటనల బోర్డులు తగిలిస్తాడు, వాళ్లను సైకిళ్లెక్కిస్తాడు. ఇంత నవ్వించినవాడు చివర్లో కరెంటు కంచెతో, గాట్లింగ్ తుపాకులతో వేలమంది వీరులను మాడ్చి చంపిస్తాడు. ఆ కాలపు మాంత్రికుడు మెర్లిన్ మంత్రం మనిషిని నిద్రపుచ్చడంతో ఆగింది; మేస్త్రీ శాస్త్రం శవాల గుట్ట మిగిల్చింది. నవలలో నాకు నిజమైన భయం పుట్టించింది ఆ ఘట్టమే.

అయినా ఆ మోజు పోలేదు. స్వారీ చేస్తూ వేలాడే ఉంగరాలను ఈటెతో గుచ్చే పోటీలు అమెరికాలో సాగుతూనే వచ్చాయి. 1962లో మేరీలాండ్ రాష్ట్రం ఈ ఈటెల పోటీని తన అధికారిక క్రీడగా ప్రకటించింది.