రెండో పేరుకు పడిన ఓట్లు

అమెరికా సుప్రీంకోర్టుకు అధ్యక్షుడు ఎవరి పేరు పంపినా ఇప్పుడు సెనేట్‌లో ఓట్లు పార్టీల వారీగా చీలిపోతున్నాయి. ఈ రచ్చంతా 1987లో సెనేట్ తిరస్కరించిన రాబర్ట్ బోర్క్‌తో మొదలైందని రిపబ్లికన్లు అంటారు, కాదు 2016లో విచారణే దక్కని మెరిక్ గార్లండ్‌తో అని డెమొక్రాట్లు అంటారు. కోర్టు పుట్టినప్పటి నుంచీ ఉన్న గొడవేనని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. మూడు మాటల్లోనూ కొంత నిజముంది గానీ అసలు మార్పు వేటికీ చిక్కలేదు. అది తెలియాలంటే ఓడిన పేరు దగ్గరే ఆగిపోకుండా, అదే అధ్యక్షుడు ఆ తర్వాత పంపిన పేరుకు ఎన్ని ఓట్లు పడ్డాయో చూడాలి.

జార్జ్ వాషింగ్టన్ 1795లో జాన్ రట్లెడ్జ్‌ను ప్రధాన న్యాయమూర్తిగా నియమించాడు. సెనేట్ సమావేశాలు లేని రోజులు కావడంతో ఆమోదం రాకముందే ఆయన పదవిలో కూర్చున్నాడు. అయితే చార్లెస్టన్‌లో జరిగిన సభలో, బ్రిటన్‌తో కుదిరిన జే ఒప్పందాన్ని దుమ్మెత్తిపోశాడు. డిసెంబరులో సెనేట్ ఆయన్ను 14-10తో తిరస్కరించింది. ఆ పని చేసింది ప్రతిపక్షం కాదు, ఒప్పందాన్ని భుజాన మోస్తున్న వాషింగ్టన్ సొంత పక్షం ఫెడరలిస్టులే. మరుసటి ఏడాది అదే పదవికి ఆలివర్ ఎల్స్‌వర్త్ పేరు వస్తే వ్యతిరేకంగా పడింది ఒక్కటే ఓటు. 1930లో హూవర్ పంపిన జాన్ పార్కర్‌ను కార్మిక సంఘాలు, నల్లజాతి హక్కుల సంఘం కలిసి ఎదిరించాయి. రిపబ్లికన్ల ఆధిక్యం ఉన్న సెనేట్‌లోనే ఆ రిపబ్లికన్ అధ్యక్షుడి మనిషి 39-41తో ఓడిపోయాడు. రెండు వారాలైనా తిరక్కుండా హూవర్ రెండో పేరు ఓవెన్ రాబర్ట్స్ ఏ అడ్డూ లేకుండా నెగ్గాడు. అధ్యక్షుడు నిక్సన్ పంపిన హేన్స్‌వర్త్, కార్స్‌వెల్ ఇద్దరూ వరసగా ఓడిపోయారు. కార్స్‌వెల్ అంతంతమాత్రం జడ్జి అన్న విమర్శకు రోమన్ హ్రుస్కా అనే సెనేటర్, అంతంతమాత్రం మనుషులకూ కోర్టులో కాస్త చోటుండాలి కదా అని జవాబిచ్చాడు. పాపం, సమర్థించబోయి ఉన్న పరువూ తీశాడు. ఆ తర్వాత వచ్చిన బ్లాక్‌మన్‌కు 94-0.

అధ్యక్షుడు విల్సన్ పంపిన బ్రాండైస్ సంగతేమిటని అడగవచ్చు. 1916లో ఆయనకు 47-22 వచ్చింది. వ్యతిరేకుల్లో ఒక్కరు తప్ప అందరూ రిపబ్లికన్లే, కాబట్టి అది పార్టీ ఓటే కదా? చూడ్డానికి అంతే. నాలుగు నెలలు నానబెట్టారు, మాజీ అధ్యక్షుడు టాఫ్ట్ సైతం ఆయన పనికిరాడన్నాడు, యూదు ద్వేషమూ లోలోపల పనిచేసింది. కానీ అదే ఏడాది జూలైలో అదే విల్సన్ జాన్ క్లార్క్ పేరు పంపితే పది రోజుల్లో పని పూర్తయింది. రిపబ్లికన్లకు పడనిది బ్రాండైస్ గానీ, విల్సన్‌కు న్యాయమూర్తిని ఎంచుకునే హక్కు కాదు.

బోర్క్ కథనూ ఈ లెక్కతోనే చూడాలి. 1987 జూలై 1న అధ్యక్షుడు రీగన్ ఆయన పేరు ప్రకటించిన గంటలోపే డెమొక్రాట్ సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ సెనేట్‌లో విరుచుకుపడ్డాడు. నటుడు గ్రెగరీ పెక్ గొంతుతో బోర్క్‌కు వ్యతిరేకంగా టీవీ ప్రకటనలు వచ్చాయి. వాటిలో అతిశయోక్తి ఉందన్న రిపబ్లికన్ల ఫిర్యాదులో న్యాయముంది. అయితే బోర్క్‌ను ముంచింది ప్రకటనలొక్కటే కాదు. వ్యక్తిగత గోప్యతకు రాజ్యాంగంలో సాధారణ హక్కేదీ లేదన్న తన వాదనను టీవీ కెమెరాల ముందు ఆయనే విడమరిచి చెప్పాడు. ఓటు 42-58. వ్యతిరేకించిన వారిలో ఆరుగురు రిపబ్లికన్లు, సమర్థించిన వారిలో ఇద్దరు డెమొక్రాట్లు. నాలుగు నెలలు తిరగకముందే అదే సీటుకు రీగన్ పంపిన ఆంథొనీ కెనెడీకి 97-0 ఇచ్చిందీ ఆ సెనేటే. రీగన్ పంపే వాళ్లెవరూ వద్దనుకున్న సభ అలా ఓటేయదు.

ఈ లెక్కకు లొంగని పాత ఉదాహరణలు రెండున్నాయి. జాన్ టైలర్ పంపిన పేర్లను సెనేట్ ఒకదాని తర్వాత ఒకటి తిప్పికొట్టింది, చివరికి నెల్సన్ ఒక్కడే మిగిలాడు. 1866లో ఆండ్రూ జాన్సన్‌కు నియమించే అవకాశమే రాకుండా కాంగ్రెస్ కోర్టు సీట్లనే తగ్గించింది. ఇద్దరూ అధ్యక్షుడి మరణంతో గద్దెనెక్కిన ఉపాధ్యక్షులే, తమను గెలిపించిన పార్టీకే పరాయివాళ్లయిన వాళ్లే. 2016లో ఒబామా అలాంటి వాడు కాదు, రెండుసార్లు ప్రజల ఓటుతో గెలిచాడు. ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు న్యాయమూర్తి స్కాలియా మరణవార్త వచ్చిన రోజే, ఖాళీని తర్వాతి అధ్యక్షుడే నింపాలని సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు మెకానెల్ ప్రకటించాడు. గార్లండ్ పేరు వచ్చింది మార్చి 16న. అంటే వ్యతిరేకత ముందు పుట్టింది, మనిషి తర్వాత వచ్చాడు. గార్లండ్‌కు విచారణ లేదు, ఓటింగ్ లేదు. ఇక రెండో పేరు పంపి ఏం లాభం?

ఇందులో డెమొక్రాట్ల వాటా లేదనలేం. 2006లో సుప్రీంకోర్టుకు వచ్చిన అలిటో పేరును ఫిలిబస్టర్‌తో, అంటే చర్చ సాగదీసి ఓటింగే జరగనివ్వకుండా, ఆపాలని చూసిన వారిలో ఒబామా కూడా ఉన్నాడు. 2017లో గోర్సచ్ పేరును వాళ్లు అలాగే అడ్డుకుంటే, చర్చ ముగించడానికి 60 ఓట్లు కావాలన్న నిబంధననే రిపబ్లికన్లు ఈ పదవికి ఎత్తేశారు. అవతలి పార్టీకి కాస్తయినా నచ్చే మనిషిని వెతికే అవసరం ఆ రోజుతో అధ్యక్షుడికి తీరిపోయింది. జీవితాంతం ఉండే పదవి, గర్భస్రావం నుంచి తుపాకుల దాకా తీర్పిచ్చే పదవి, పార్టీలు పోరాడక ఏం చేస్తాయని అడిగేవారున్నారు. పోరాడటం తప్పు కాదు, బోర్క్ మీద జరిగిందీ అదే. కానీ అభిప్రాయాల మీద పోరాటానికి ముందు ఆ మనిషి నోరు విప్పాలి. ఇప్పుడు అంతదాకా ఆగడం లేదు. 2020లో అధ్యక్ష ఎన్నికలకు ఎనిమిది రోజుల ముందు బారెట్ ఒక్క డెమొక్రాట్ ఓటూ లేకుండానే 52-48తో నెగ్గారు. 2021లో అప్పీలు కోర్టుకు కెటాంజీ జాక్సన్‌ను సమర్థించిన రిపబ్లికన్ సెనేటర్ లిండ్సే గ్రాహమ్ మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దగ్గరికొచ్చేసరికి వద్దన్నాడు. సెనేట్ తమ చేతిలో ఉండి ఉంటే ఆమె కమిటీ ముందుకు కూడా వచ్చేది కాదని ఆ కమిటీలోనే, అందరి ఎదుటా చెప్పాడు.