వ్రాతపని, మణికట్టు

లోతులేని మీటల క్రొత్త ల్యాప్‌టాప్‌పై వ్రాయ మొదలిడిన పది దినములకే నా కుడి మణికట్టు నొవ్వసాగినది. యౌవనమున టైపుమిషనుపై సాధన చేసిన వ్రేళ్లివి. ఆ యంత్రమున మీట యొక సెంటీమీటరు లోతు వరకు దిగి, ఉక్కు అక్షరమును రిబ్బనుపై కొట్టి, వ్రేలిని తనతోనే పైకి లేపెడిది. ఇప్పటి మీటయో ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు దిగునంతలోనే అడుగు తగులును. పూర్వాభ్యాసముచే వ్రేలు మోపిన బలమునకు పోవు దారి లేక అది తిరిగి చేతికే చేరును. మణికట్టుకు గుడ్డ చుట్టుకొని కూర్చుండిన యొక మధ్యాహ్నమున, మా శ్రీకాళహస్తిలో తరతరములుగా మణికట్టును నమ్మి బ్రదికినవారి పని నాకు జ్ఞప్తికి వచ్చినది.

కలంకారీ యను పేరు లోకమున వ్యాపించినది గాని, మా యూర దీనికి వ్రాతపని యని పేరు. మచిలీపట్నము, పెడన ప్రాంతములలో కొయ్య అచ్చులతో అద్దుదురు. అచ్చట శ్రమ భుజమునకు, అరచేతికి. ఇచ్చట అచ్చు లేదు, ఉన్నదెల్ల వెదురుకలము. పుల్ల కొనను సన్నగా చెక్కి, దానికి కొంచెము పైగా ఉన్నిగుడ్డను చుట్టి నూలుదారముతో బిగించి, ఆ చుట్టను రసమున ముంచి, వ్రేళ్లతో మెల్లగా నొత్తినచో రసము కొనకు జారును. ఒత్తిడి మించెనా గీత ఉబ్బి మరక యగును. తగ్గెనా నడుమ తెగును. వ్రేళ్లు రసమును నడుపుచుండగా మణికట్టు గీతను నడుపవలెను. నేలపై కూర్చుండి పొట్టిబల్లపై గుడ్డ పరచుకొని వంగి వ్రాయు ఆ మనిషి యొక్క వీపు, మెడ ఈ రెండు పనుల భారమును మోయవలెను.

ఆ గీతకు దిద్దుబాటు లేదు. ముతక నూలుగుడ్డను కరక్కాయ కలిపిన ఎనుము పాలలో ముంచి ఎండబెట్టుదురు. పాలలోని క్రొవ్వు రసమును ప్రాకనీయదు. చింతపుల్లల బొగ్గుతో తొలిరూపమును గీసి, పిదప కసిమిని పట్టుదురు. త్రుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లపు నీట వేసి దినముల తరబడి పులియబెట్టిన ద్రావకమే కసిమి. కలమునుండి దిగునపుడు వెలవెలబోవు నీ రసము, కరక్కాయలోని వగరు తగిలినంతనే నల్లనగును. ఆ నలుపును ఏ నీరును కడుగలేదు. పొరపడిన చేతికి రెండవ అవకాశము లేదు. ఎరుపు రావలసిన చోట్ల పటికనీరు పూసి, మంజిష్ఠ మొదలగు వేళ్లతో, చెక్కలతో కాచిన రంగులో గుడ్డను ఉడికింపగా, పటిక తగిలిన భాగము మాత్రమే ఎరుపు పట్టును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క ఉతుకు. అందులకు సువర్ణముఖి పారునీరే ఆధారము. నేడు ఆ యేటిలో నీరు పారు దినములు తగ్గినవని చెప్పుటకు నాకు నోరాడకున్నది.

ఈ గుడ్డలు ఆలయములలో తెరలుగా, కథలు చెప్పువారికి పటములుగా పోయెడివి. రామాయణ భారత కథలను వరుస గడులుగా చిత్రించి, గడి క్రింద ఆ ఘట్టమును తెలుగున వ్రాసెడివారు. రాముని కనుబొమను తీర్చిన కలమే అక్షరమునకు తలకట్టును పెట్టినది. వ్రాతపని యను పేరునకు ఇంతకంటె సాక్ష్యమేమి వలయును? శ్రీకాళహస్తి నేలిన దామెర్లవారి జమీందారీ తగ్గి, పోషణ సన్నగిల్లగా ఈ శతాబ్దములనాటి విద్య క్షీణింపసాగినది. స్వాతంత్ర్యానంతరము, 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళామండలి పక్షమున కమలాదేవీ చట్టోపాధ్యాయ చూపిన శ్రద్ధచే, 1950ల చివర ఇచ్చట శిక్షణకేంద్రము వెలసినది. గురువుగా జొన్నలగడ్డ లక్ష్మయ్య నిలచిరి. ఆయన కుమారుడు గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ లభించినది. మిగిలిన కొలది చేతులనుండి విద్య మరల అనేకుల చేతులకు ప్రాకుట నాకు ఎన్నిసార్లు తలచినను సంతోషకరము.

వ్రాయువారి చేతినొప్పి క్రొత్తది కాదు. ఇటలీ వైద్యుడు రమజ్జీని, వృత్తులవలన గలుగు వ్యాధులపై తాను రచించిన గ్రంథమును 1713లో పెంచి ప్రకటించుచు, లేఖకుల బాధకు కదలక కూర్చుండుటను, ఎడతెగని చేతికదలికను, మనసు ఏకాగ్రతచే పడు శ్రమను కారణములుగా చెప్పెను. వ్రాతపనివారి విషయమునను ఈ మూడును గలవు. వారికొక సౌకర్యము గలదు: తమ కలమును తామే చెక్కుకొందురు, సన్నగీతకొకటి, రంగు నింపుటకు మొద్దుకొన గలది యొకటి, చుట్ట బిగువు తమ వ్రేళ్లకు సరిపోవునంతవరకు విప్పి మరల కట్టుకొందురు. టైపు గురువులు మణికట్టును బల్లకు ఆనింపరాదని, వ్రేళ్లను వంచి నిలుపవలెనని చెప్పెడివారు. ఆ పాఠమును నేను మరచి, పలుచని యంత్రపు అంచుపై చేతిని పడవేసి, పాత బలముతోనే మోదుచుంటిని.

ఇపుడు బల్ల యెత్తును తగ్గించి, మోచేతులను మీటలకు సమముగా తెచ్చుకొని, అడుగు తగులకముందే వ్రేలిని నిలుపుట అభ్యసించుచున్నాను. దీర్ఘరచనలకు మాత్రము లోతుమీటల పలకనొకదానిని వేరుగా తగిలించుకొంటిని. నొప్పి తగ్గుముఖము పట్టినది. మణికట్టు గుడ్డను నిన్న విప్పితిని.