ఏథెన్సు సభ, మన సంఘము



క్రీస్తు, బైబిలు, అపొస్తలుడు – ప్రతి ఆదివారం మనం పలికే ఈ మాటలన్నీ గ్రీకు నుండి వచ్చినవే. మనం "సంఘము" అని చదివే చోట గ్రీకులో "ఎక్లేసియా" అని ఉంటుంది. ఈ వారం ఆ మాట వెనుక ఉన్న చరిత్రను ధ్యానిద్దాం.

క్రీ.పూ. 2000 ప్రాంతంలో క్రేతు ద్వీపంలో గొప్ప రాజభవనాలు వెలిశాయి. తరువాత గ్రీసులో మైసీనే రాజులు బలపడ్డారు. క్రీ.పూ. 1200 ప్రాంతంలో ఆ కోటలు కూలిపోయాయి, వ్రాయడం కూడా మరచిపోయారు. కొన్ని వందల ఏళ్ల తరువాత గ్రీకులు మళ్లీ అక్షరాలు నేర్చుకున్నది ఫేనీకేవారి దగ్గర, అంటే మనం బైబిలులో చదివే తూరు సీదోనుల ప్రజల దగ్గరే. కొండల మధ్య విడివిడిగా పట్టణాలు పెరిగాయి. ఒక్కో పట్టణం ఒక్కో రాజ్యం.

వాటిలో ఏథెన్సులో క్రీ.పూ. 508లో క్లెయిస్తెనీసు సంస్కరణలతో ప్రజల పాలనకు పునాది పడింది. ప్నిక్సు అనే కొండ మీద పౌరులు కూడి, యుద్ధమా సంధియా అని చేతులెత్తి తీర్మానించేవారు. కొన్ని ముఖ్య తీర్మానాలకు 6000 మంది హాజరు కావాలి. ఆ సభ పేరే ఎక్లేసియా. రాజు మాటే శాసనమైన కాలంలో ఇది గొప్ప సంగతి. అయితే స్త్రీలకు, దాసులకు, అక్కడే కాపురమున్న పరదేశులకు ఆ సభలో చోటు లేదు.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో అలెగ్జాండరు దండయాత్రలతో గ్రీకు భాష తూర్పు దేశాలకు పాకింది. తరువాతి శతాబ్దంలో అలెక్సంద్రియలో యూదులు లేఖనాలను గ్రీకులోకి తర్జుమా చేయసాగారు. ఇశ్రాయేలు సమాజానికి చాలాచోట్ల ఎక్లేసియా అనే మాటే వాడారు. అపొస్తలులు దానినే విశ్వాసుల కూటానికి పెట్టారు. కానీ ఈ ఎక్లేసియాలో కొరింథు దాసులూ కూర్చున్నారు. కెంక్రేయ సంఘంలో ఫీబే పరిచర్య చేసింది. పాత మాటే, తలుపు మాత్రం వెడల్పయింది.

ఇది వ్రాస్తూ మేము సిగ్గుపడుతున్నాము. మొన్న మందిరపు రేకులు మార్చే విషయం పెద్దలతో కూర్చుని తేల్చేశాము. రోజూ పిడికెడు బియ్యం తీసిపెట్టి ఆ సొమ్ము కూడబెట్టిన తల్లులను ఒక్క మాట అడగలేదు. ఆ రోజు మాది ఏథెన్సు సభే అయింది, సంఘము కాలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన తరువాత మళ్లీ కూడుదాం. ముందుగా తల్లులు మాట్లాడతారు, మేము వింటాము.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.