మూరెడు నేలలో కూరల పంట – నేటాల్ నుండి ఘాలా దాకా

ఒమన్ రాజధాని మస్కట్ నగరంలో, బౌషర్ విలాయతులో, ఘాలా అనే పేట ఉన్నది. నేడు ఆ పేరు చెబితే కార్ఖానాలు, మోటారు షాపులు, కూలీల బసలు గుర్తుకు వస్తాయి. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుండి ఒప్పందం మీద గల్ఫు దేశాలకు వెళ్ళిన మనవారి సంగతి విన్నప్పుడల్లా మనకు మన ముత్తాతల గిర్మిట్ జ్ఞాపకం రాక మానదు. కాలం వేరు, సముద్రం వేరు. ఒక కాగితాన్ని నమ్ముకొని ఇల్లు విడవడం మాత్రం ఒకటే. అందుచేత ఈసారి చెరకుతోటల మాట కాక, ఆ తోటల పక్కన బరాకుల వెనుక మనవారు వేసుకొన్న కూరమడి మాట చెప్పుకొందాం.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు లక్షా యాభై రెండు వేలమందికి పైగా నేటాలుకు వచ్చారు. విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అందులో ఉన్నారు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు జీతం. దానితోపాటు బత్యం: బియ్యమో మొక్కజొన్న పిండో, కొంచెం పప్పు, ఉప్పుచేప, నూనె, ఉప్పు. పచ్చి కూర నోటికి తగలాలంటే సొంతంగా పండించుకోవలసిందే.

నేల ఎంత? గుమ్మం ముందు నాలుగు అడుగులు, వెనుక మరి కొంచెం. అంత చోటులో ఇంటిల్లిపాదికీ కూర ఎట్లా వస్తుందని నేటి పిల్లలు అడుగుతారు. మన పెద్దలు నేలను పొడవు వెడల్పులతో కాక ఎత్తుతో కూడా లెక్కపెట్టారు. మూలన మునగ, కరివేపాకు. కప్పు మీదికి సొర, బీర, చిక్కుడు పాకించడం. పందిరి నీడన చేమ. ఎండ తగిలే చారెడు చోటులో తోటకూర, మెంతికూర. తోటకూర నెల తిరగకుండానే కోతకు వస్తుంది. దాన్ని వేళ్ళతో పెరకకుండా చివళ్ళు తుంచితే మళ్ళీ చిగురిస్తుంది. మడినంతా ఒకేనాడు విత్తక, పదేసి రోజుల ఎడంతో మూడు భాగాలుగా విత్తితే కూర లేని వారం ఉండదు. బచ్చలికి విత్తనమే అక్కరలేదు, తుంచిన తీగముక్క చాలు. చిక్కుడు తన వేళ్ళ బుడిపెలలో నత్రజనిని నిలుపుతుంది గనుక, చిక్కుడు తీసిన చోట ఆకుకూర ఏపుగా వస్తుంది. అంట్లు కడిగిన నీళ్ళు అరటి మొదట్లోకి, పొయ్యి బూడిద, పేడ మడిలోకి. పారవేయడమన్న మాటే లేదు. ఇదంతా గోదావరి గట్టున పెరటి దొడ్డిలో నేర్చిన విద్యే!

అయితే ఇది కూరతో ఆగిన కథ కాదు. అయిదేళ్ళ గడువు తీరినవారు చిన్న చిన్న ముక్కలు కౌలుకు తీసికొని, గంపలతో డర్బన్ వీధులలో కూరలు అమ్మారు. 1870 నాటి చట్టం తిరుగు ప్రయాణపు ఖర్చుకు బదులు ప్రభుత్వ భూమి ఇస్తామన్నది గాని, అది కొద్దిమందికే దక్కింది. 1885–87లో విచారణ జరిపిన ర్యాగ్ కమిషన్, నేటాలుకు కూరగాయలు అందించడంలో భారతీయుల పాత్రను గుర్తించింది. ఆ గుర్తింపు తెల్ల వర్తకుల కంట పడకుండా ఉంటుందా? 1895లో చట్టం వచ్చింది. గడువు తీరాక తిరిగి వెళ్ళక, మళ్ళీ గిర్మిట్‌లో చేరక ఉండిపోయేవారు ఏటా మూడు పౌన్లు పన్ను కట్టాలి. పది షిల్లింగుల జీతంతో లెక్కిస్తే అది ఆరు నెలల కష్టం! కాబట్టి ఎందరికో ఆ మడి రుచి కోసం కాదు, స్వేచ్ఛ కోసం. 1913 సమ్మె తరువాత, 1914లో గాని ఆ పన్ను పోలేదు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం మళ్ళీ ఎన్నో తోటలను మన చేతులనుండి తీసికొన్నది. అది వేరే వ్యాసానికి తగిన దుఃఖం.

ఇక ఒమన్ సంగతి. అక్కడి పాత పల్లెలలో ఫలజ్ అనే కాలువల మీద సేద్యం సాగుతుంది. అటువంటి అయిదు ఫలజ్‌లను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వంలో చేర్చింది. నీటిని కొలతతో కాక కాలంతో పంచుకొంటారు. ‘అథర్’ అంటే సుమారు అరగంట పారుదల. పగలు నీడగడియారంతో, రాత్రి నక్షత్రాలతో దాన్ని లెక్కించేవారు. ముందు తాగడానికి, ఆపై ఖర్జూరాలకు, మిగిలితే ఏటి పంటలకు. తోటలో పైన ఖర్జూరం, దాని నీడన నిమ్మ, అరటి, కింద కూరలు, పశువుల మేత. మన మునగ, సొర, చేమల వరుస గుర్తుకు రావడంలేదూ? ఎవరూ ఎవరికీ నేర్పలేదు. చోటు తక్కువ, ఎండ ఎక్కువ అయినప్పుడు చెయ్యి తానే అటు పోతుంది.

ఘాలాలో బతికే మనవానికి పది అడుగుల మడి దొరికినా అక్టోబరులో విత్తుకొని మార్చి లోపల తినవలసిందే. వేసవి ఎండకు లేత మొక్క నిలవదు. నీటిలో ఉప్పుంటే మడి అడుగున నీరు జారిపోయే దారి ఉంచాలి, లేకపోతే ఉప్పు పేరుకొని ఆకు అంచులు మాడతాయి. ఇవి చేతనయ్యే పనులే. అతని అసలు ఇబ్బంది గడువుది. 2021 జనవరి నుండి ఒప్పందం ముగిసినవారు పాత యజమాని అనుమతి లేకుండానే మరొక చోట చేరవచ్చునని ఒమన్ నియమం మార్చింది. అంతవరకూ ఆ కాగితం యజమాని చేతిలో ఉండేది. నియమం మారినా పని పోతే బస పోతుంది, బస పోతే మడి పోతుంది. అటువంటివాడు తోటకూరే విత్తుతాడు, మునగ కొమ్మ నాటడు.

మన ముత్తాతలూ మొదట తోటకూరే విత్తి ఉంటారు. మునగ, మామిడి తరువాత నాటారు.