సిల్చెస్టర్ పెంకులపై వ్రాతలు

రోమను సామ్రాజ్య చరిత్రకు శాసనములు, నాణెములు, గ్రంథములు ముఖ్యాధారములని అందఱు నెఱిగినదే. ఆ మూటికంటెను ఎన్నో రెట్లధికముగ దొరకుచున్నది కాల్చిన మట్టి: ఇటుక, పెంకు, గొట్టము. త్రవ్వకములలో ఇవి బండ్లకొలది వెలువడును. వెనుకటి పరిశోధకులు పెక్కింటిని పారవేసిరి కూడ. అట్టి పెంకుల వలన ఒక భాషాసమస్య పుట్టినది. రోమనుల యేలుబడిలో బ్రిటను సామాన్యజనులు లాటిను మాటాడిరా, లేదా? తెలుగు భాషాచరిత్రను పరిశీలించువారికి ఈ ప్రశ్న పరాయిది కాదని తలచి, సిల్చెస్టర్ పెంకులను గూర్చి ఇచట కొంత విచారించుచున్నాము.

సిల్చెస్టర్ దక్షిణ ఇంగ్లండున హాంప్‌షైర్ మండలములోని చిన్న గ్రామము. దాని చెంత అట్రెబాటీలను తెగవారి పట్టణము కాలెవా యుండెను. క్రీ.శ. 43లో రోమనులు బ్రిటనుపై దండెత్తిన పిమ్మట అది రోమను పద్ధతి నగరమయ్యెను. వారి పాలన తొలగిన తరువాత క్రమముగ పాడుపడి, మరల పట్టణమై లేవలేదు. ప్రాకారము లోపలి సుమారు 100 ఎకరముల నేల చాలవఱకు పొలముగనే మిగిలినది. లండను పురావస్తు సంఘమువారు 1890 నుండి 1909 వఱకు అచట త్రవ్వించిరి. రెడింగ్ విశ్వవిద్యాలయమువారు 1997 మొదలు 2014 వఱకు నగరమున నొక్క వాడను ప్రత్యేకముగ గైకొని ఓపికతో త్రవ్విరి.

మట్టిసామగ్రి రూపములు కొంత తెలిసినగాని వ్రాతల సంగతి బోధపడదు. ఇంటికప్పునకు రెండు విధముల పెంకులు వాడిరి. 'టెగ్యులా' బల్లపరుపుది, రెండంచులు పైకి లేచియుండును. రెండు టెగ్యులాల అంచులు కలిసిన చోట 'ఇంబ్రెక్స్' అను పెంకును బోర్లింతురు. ఇది మన గూనపెంకు వంటిదే. మన పల్లెలలో గూనపెంకునే వెల్లకిల పఱచి, దానిపై మఱియొక గూనపెంకును బోర్లించుట వాడుక. వారు ఆ రెండు పనులకు రెండు రూపములు కల్పించుకొనిరి.

ఇటుకలకు కొలతలే పేళ్లు. రోమను అడుగు (సుమారు 29.6 సెం.మీ.)లో మూడింట రెండు వంతుల కొలత గలది 'బెస్సాలిస్', రెండడుగులది 'బైపెడాలిస్'. స్నానశాలలలోను ధనికుల గదులలోను నేల క్రింద వేడి ప్రసరించు ఏర్పాటు ఉండెడిది. బెస్సాలిసులను ఒకదానిపై నొకటి పేర్చి పొట్టి స్తంభములు కట్టి, వానిపై బైపెడాలిసులు పఱచి, ఆపై గచ్చు పోయుదురు. విట్రూవియస్ తన వాస్తుగ్రంథపు 5వ భాగమున ఈ విధానమునే చెప్పినాడు. వెలుపలి పొయ్యి సెగ ఆ స్తంభముల నడుమ పాఱి, గోడలలో నిలువున నిమిడ్చిన 'ట్యూబులస్' అను గొట్టముల గుండ పైకి పోవును. ట్యూబులస్ అనగా నలుపలకల బోలుపెట్టె; గోడపూత పట్టుటకై దాని ముఖమున దువ్వెన వంటి పనిముట్టుతో గీతలు గీయుదురు.

ఆవమున పెట్టుటకు ముందు పచ్చిపెంకులను ఆరబెట్టవలెను. ఆ యారుబెట్టుచోట తిరిగిన కుక్కలు, పశువులు, మనుష్యుల అడుగులు సిల్చెస్టర్ పెంకులపై నేటికిని నిలిచియున్నవి. కొన్నింటిపై నీరో చక్రవర్తి (54–68) పేరు గల ముద్ర కలదు. సమీపమున లిటిల్ లండన్ అను గ్రామము చెంతను అట్టి ముద్ర కనబడినది. 2017లో అచట పెంకులు కాల్చిన ఆవములను త్రవ్వి తీసిరి. పని చక్రవర్తి పేర జరిగెనని ముద్ర చెప్పును గాని పనిచేసినవాడెవడో చెప్పదు.

ఆ మాట వేఱొక పెంకుపై నున్నది. ఒక ట్యూబులస్ పచ్చిగ నుండగనే దానిపై గీసిన వాక్యమిది: 'క్లెమెంటినస్ గొట్టమును చేసెను.' ఇంకొక దానిపై 'సాటిస్', అనగా 'చాలును', అను నొక్క మాటయే కలదు. నాటి పని చాలుననెనో, విసుగు చెంది చాలుననెనో, చదువరి యూహకే విడువవలెను. మూడవది మఱింత చిత్రమైనది. పెర్టాకస్, లూసిలియానస్, కాంపానస్ మున్నగు పేరులు వ్రాసి, కడపట వర్జిల్ రచించిన ఈనీడు కావ్యపు ద్వితీయ భాగమున మొదటి రెండు పదములు చేర్చినారు. వ్రాత నేర్చుకొనువాని యభ్యాసమని కొందఱందురు. రోమను బడులలో ఆ కావ్యము పాఠ్యమగుటచే మాకును అదియే యుక్తముగ తోచుచున్నది.

రోమను బ్రిటను చరిత్రలో ప్రామాణికుడైన హావర్‌ఫీల్డ్ పండితుడు (1860–1919) ఇట్టి వ్రాతలను ఆధారముగ గొని, కాలెవా పనివాండ్రు సైతము లాటినే మాటాడిరని సిద్ధాంతీకరించెను. కెల్టు భాషలో వ్రాతలు దొరకమి ఆయన వాదమునకు బలము.

ఈ వాదమున నొక మెట్టు జాఱినదని మా యభిప్రాయము. వ్రాసిన భాషయే మాటాడిన భాష కానక్కఱలేదు. అమరావతి, నాగార్జునకొండల ప్రాచీన శాసనములు ప్రధానముగ ప్రాకృతమున నున్నవి. అంతమాత్రమున కృష్ణాతీరవాసులెల్ల ఇంట ప్రాకృతము మాటాడిరని మనము చెప్పము. అమరావతి రాతిముక్కపై వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిన 'నాగబు' అను పదము తెలుగు ఉనికిని పట్టి యిచ్చినది. ఆ రాయి దొరకకున్నను తెలుగు ఉండియే యుండునుగదా! కెల్టు వ్రాత లేకపోవుట కెల్టు పలుకు లేకపోవుట కాదు. ఆ పలుకు సంతతియే యగు వెల్షు భాష నేటికిని బ్రిటనులో జీవించియున్నది.

ఐనను హావర్‌ఫీల్డును పూర్తిగ త్రోసిపుచ్చరాదు. శాసనము దాత పేర, పదిమంది చూచుటకు, ఏర్పడిన భాషలో చెక్కబడును. పెంకుపై గీతను ఎవరును అడుగలేదు. గోడలో నిమిడి పూత పడిన పిమ్మట ట్యూబులస్ పై వాక్యమును చదువువాడును లేడు. అట్టి చోటను లాటినే వచ్చినది. పైగా దక్షిణ గాల్ దేశమున లా గ్రాఫెసాంక్ కుమ్మరులు క్రీ.శ. 1వ శతాబ్దిలో ఆవపు లెక్కలను తమ గాలిషు భాషలో, రోమను లిపిలో, పళ్లెములపై వ్రాసికొనిరి. పనిచోట దేశభాషను వ్రాయుట అసాధ్యము కాదన్నమాట.

ఇచట 1886లో లండనులో వార్విక్ లేన్ చెంత దొరికిన ఇటుక యొకటి అక్కఱకు వచ్చును. 'ఆస్టాలిస్ పదుమూడు దినములుగ ప్రతిదినము తనంత తాను తిరుగుచున్నాడు' అని తోడిపనివాడెవడో దానిపై చాడి వ్రాసెను. శిష్ట లాటినులో 'డియేబుస్' కావలసిన చోట 'డిబుస్' అనియు, 'కొటిడియే' కావలసిన చోట 'కొటిడిమ్' అనియు కలదు. 'ఆగుస్టాలిస్' అను పేరే 'ఆస్టాలిస్' ఐనది. బడిలో వల్లించిన వాక్యమున ఇట్టి రూపములు రావు. ఇవి చెవిని బడినట్లు వ్రాసినవి. లేఖకుల తప్పులనుండియే వాడుకభాష జాడలు తీయుట మన శాసనపాఠకులకు అలవాటైన పనియే. నోటిలాటినునకు ఈ యిటుకను మించిన సాక్ష్యమును క్లెమెంటినస్ వాక్యము గాని, ఈనీడు పదములు గాని ఈయజాలవు. కాని లండను నానాదేశపు వర్తకులు మసలిన రేవుపట్టణము. కాలెవా ఒక దేశీయ తెగవారి సీమ నడుమ వెలసిన నగరము. కావున లండను ఇటుక సాక్ష్యమును సిల్చెస్టరునకు అంటగట్టుట మాకు సమ్మతము కాదు. కాలెవా పెంకుల వలన తేలునది, అచటి ఆవముల చెంత లాటిను వ్రాయనేర్చిన పనివారు కొందఱుండిరనుట మాత్రమే.