త్రీ నాట్ త్రీకి దుర్బిణి

రెండో ప్రపంచ యుద్ధకాలపు స్నైపర్ తుపాకులను పాత రూపంలో మళ్లీ నిలబెట్టే సేకర్తలు తరచుగా ఎంచుకునే వాటిలో బ్రిటిష్ ‘నంబర్ 4 మార్క్ 1 టి’ ఒకటి. ఖమ్మం, భద్రాచలం అడవి పల్లెలకు ఈ పేరు కొత్త కావచ్చు. దాని తోబుట్టువు మాత్రం పాత పరిచయమే: పోలీసుల భుజాన వేలాడిన త్రీ నాట్ త్రీ (.303).

రెండింటికీ మూలం జేమ్స్ పారిస్ లీ రూపొందించిన బోల్టు. 1888లో లీ-మెట్‌ఫర్డ్‌గా, 1895లో లీ-ఎన్‌ఫీల్డ్‌గా అది బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది. బోల్టు చురుగ్గా కదిలేది, మ్యాగజైన్‌లో 10 తూటాలు పట్టేవి. కలకత్తా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీ వీటిని దశాబ్దాల పాటు తయారుచేసి దేశమంతటి ఠాణాలకు చేర్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ స్నైపర్ల దెబ్బకు బ్రిటిష్ సైన్యం హడావిడిగా దుర్బిణులు కొని రైఫిళ్లకు తగిలించింది. పైనుంచి తూటాల క్లిప్పు దూర్చడానికి చోటు వదలాలని చాలావాటిని ఎడమ పక్కకు జరిపి బిగించారు. గురిచూసేవాడు చెంపను కుందాకు ఆనించలేక మెడ వంచుకోవాల్సి వచ్చేది. యుద్ధం ముగియగానే వాటిలో చాలావరకు విడదీసేశారు. 1939లో మళ్లీ యుద్ధం వచ్చేసరికి స్నైపర్ రైఫిళ్ల కొరత మొదటికొచ్చింది.

ఈసారి తొందరపాటు తగ్గింది. కొత్త నంబర్ 4 రైఫిళ్లలో గురి బాగా కుదిరినవి ఏరి, 1942 నుంచి లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థకు పంపారు. రాజులకూ జమీందార్లకూ వేట తుపాకులు చేసిపెట్టిన దుకాణం అది. అక్కడి పనివాళ్లు రైఫిల్ ఎడమ పక్కన రెండు ఉక్కు దిమ్మలు స్క్రూలతో బిగించి, వాటిపై దుర్బిణి చట్రం కూర్చేలా సరిచేసేవారు. పక్కల గరుకు గీతలున్న రెండు పెద్ద మరలను వేళ్లతో తిప్పితే చట్రమంతా ఊడివస్తుంది, మళ్లీ బిగిస్తే గురి చెడకుండా పాత చోటికే చేరుతుంది. కన్ను దుర్బిణి ఎత్తుకు అందాలి కనుక కుందాపై చెంప ఆనించుకునే చెక్కదిమ్మ అదనంగా బిగించారు.

దుర్బిణి పేరు నంబర్ 32. మొదట బ్రెన్ మెషిన్‌గన్ కోసం ఉద్దేశించిన దీన్ని చివరికి రైఫిల్‌కు వాడారు. మూడున్నర రెట్లు పెద్దదిగా చూపుతుంది. అద్దంలో ఒక నిలువు మొన, దానికి అడ్డంగా సన్నని గీత కనిపిస్తాయి. పైనున్న చక్రంపై 1,000 గజాల దాకా దూరాలు చెక్కి ఉంటాయి. చట్రంతో కలిపి బరువు దాదాపు కిలో. ఇంత బరువు ఊగిసలాడకుండా నిలవడమే మొత్తం పనితనానికి పరీక్ష.

ఏ దుర్బిణి ఏ రైఫిల్‌దో తప్పిపోకుండా దుర్బిణి నంబరును కుందా మెడపైనా, రైఫిల్ నంబరును చట్రంపైనా వేసేవారు. పునర్నిర్మాణంలో చిక్కంతా ఇక్కడే. యుద్ధానంతరం మిగులు సరుకుగా అమ్మేటప్పుడు చాలా రైఫిళ్లు, దుర్బిణులు వేరై చెరోదారి పట్టాయి. దిమ్మలు, చట్రాలు, చెంపచెక్కలు ఇప్పుడు కొత్తగా చేసి అమ్ముతున్నారు. నంబర్ 32ను పోలిన దుర్బిణులు కూడా దొరుకుతాయి. వాటితో చూపుకు అచ్చమైన తుపాకీ తయారవుతుంది. కానీ దిమ్మ వెంట్రుకవాసి వాలినా దుర్బిణి ఒకచోటు చూస్తుంది, గొట్టం మరోచోటు చూస్తుంది. పైగా స్నైపర్ రైఫిల్‌కు గుర్తుగా వేసిన టి ముద్ర లేని రైఫిల్‌ను అసలుదని చెప్పడం మోసమే అవుతుంది. మంచి సేకర్తలు ‘ఇది పునర్నిర్మితం’ అని ముందే చెప్పేస్తారు.

గోదావరి అడవుల్లో ఇటువంటి తుపాకీకి పని దొరకడం కష్టం. 1,000 గజాల చూపు కావాలంటే బయలు నేల కావాలి. వెదురు, టేకు కమ్ముకున్న లోయల్లో చూపు కొన్ని పదుల గజాలు దాటదు. తూర్పున మన్యంలో 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు తీసుకున్నాడు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు హతమయ్యారు. అక్కడ గెలిపించింది మాటు, దారి తెలియడం. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో, ముఖ్యంగా 1948లో భారత సైన్యం వచ్చాక, పోరాట దళాలు పాల్వంచ, ఇల్లెందు అడవులకు చేరినప్పుడూ వాళ్ల చేతుల్లో ఉన్నవి భర్మార్లనే నాటు తుపాకులు, ఠాణాల నుంచి లాక్కున్న రైఫిళ్లే.

భారత్‌లో పునర్నిర్మాణానికి చట్టం మరో గోడ. సైన్యం వాడిన .303 తూటా 1959 నాటి ఆయుధాల చట్టం కింద సాధారణ పౌరులకు నిషిద్ధం. లైసెన్సు లేకుండా పేలే తుపాకీ తయారుచేయడమూ నేరమే. అందుకే ఇక్కడ దీని రూపం నిలబెట్టాలంటే ఏ కోశానా పేలని నమూనాగానే, సినిమాకో మ్యూజియానికో. సైనిక తూటా పౌర తుపాకీలో పట్టకూడదన్న వలసపాలకుల పట్టుదలే .315 బోరుకు దారితీసింది. ఇషాపూర్ అదే లీ బోల్టుతో, 5 తూటాల మ్యాగజైన్‌తో .315 స్పోర్టింగ్ రైఫిల్ చేసి లైసెన్సుదారులకు అమ్మింది. ఈ దేశంలో లీ బోల్టు పౌరుల చేతికి ఎక్కువగా వచ్చింది ఈ రూపంలోనే.