నీలం రంగు ఎందుకు ఆలస్యమైంది?

యల్లాప్రగడ సుబ్బారావు గారి మీద ఏడాదికోసారైనా ఒక ఫార్వార్డు వస్తుంది, ఎక్కువగా జనవరి 12న, ఆయన పుట్టినరోజుకి. ఏటీపీ ఆయనే కనిపెట్టారు, టెట్రాసైక్లిన్ ఆయనదే, కేన్సర్ మందూ ఆయనదే, నోబెల్ మాత్రం వేరేవాళ్ళు ఎగరేసుకుపోయారు, పదిమందికీ పంపండి. ఆయన భీమవరంలో పుట్టారు కాబట్టి (1895) మన గోదావరి బేచ్ ఇంకాస్త గట్టిగా పంపుతుంది.

నాకు ఈ ఫార్వార్డుతో ఉన్న పేచీ గొప్పలు చెప్పుకోవడం గురించి కాదు. అందులో సగం తప్పులు, అసలైన గొప్ప సంగతేమో ఉండదు. ఆరియోమైసిన్‌ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్ అనే ముసలాయన. సుబ్బారావు ఆ పరిశోధనా విభాగానికి పెద్ద. ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సుబ్బారావు, ఆయన ప్రొఫెసర్ సైరస్ ఫిస్కే బయటపెడితే, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా పట్టుకున్నాడు. ఈ మాట చెప్తే మనాయన చిన్నవాడైపోతాడని ఎందుకనుకుంటామో నాకర్థం కాదు.

అసలు సంగతి నీలం రంగు. రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవాలి. మాలిబ్డేట్ కలిపితే అది ఫాస్ఫేట్‌తో జతకడుతుంది, దానికింకో రసాయనం కలిపితే నీలంగా మారుతుంది. నీలం ఎంత ముదురైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఈ పద్ధతిని ఫిస్కే, సుబ్బారావు 1925లో అచ్చువేశారు. జీవరసాయన శాస్త్రంలో లెక్కలేనన్నిసార్లు ఉదహరించిన పేపర్లలో అదొకటి. ఇవాళ ఏలూరులో రెండు మెడికల్ కాలేజీలున్నాయి, ఆశ్రమ్ ఒకటి, 2023లో మొదలైన ప్రభుత్వ కాలేజీ ఇంకొకటి. ఎంబీబీఎస్ మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ చదివే పిల్లలకి ఈ పేరు ఎక్కడో అక్కడ తగులుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి "ఫిస్కే-సుబ్బరో" అని చదివేస్తే, ఆ సుబ్బరో అక్కడికి గంటా రెండు గంటల దూరంలో పుట్టినవాడని ఎలా తెలుస్తుంది?

సరే, కండరానికొద్దాం. కండరం ముడుచుకోడానికి శక్తి ఎక్కడిదీ అంటే, గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడం వల్ల అని అప్పటి సిద్ధాంతం. హిల్, మేయర్‌హాఫ్‌లకి 1922 నోబెల్ కూడా ఇచ్చేశారు. ఇక్కడ వీళ్ళిద్దరూ కండరం రసంలో ఫాస్ఫేట్ కొలుస్తుంటే నీలం రంగు రావాల్సిన వేగంతో రాలేదు. మెల్లగా, ఆలస్యంగా ముదురుతూ పోయింది. మనం రోజూ చూసే వ్యవహారమే ఇది: టెస్టు ఒకసారి పాసవుతుంది, ఒకసారి ఫెయిలవుతుంది, మళ్ళీ రన్ చేసి పాసవగానే ఊరుకుంటాం. వాళ్ళు ఊరుకోలేదు. ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతూ ఫాస్ఫేట్‌ని వదులుతున్న పదార్థమేదో అందులో ఉందని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. (ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే ఏడాది దాని జాడ కనిపెట్టారు.) 1930లో డెన్మార్కులో లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం అసలు తయారవకుండా చేసినా కండరం ముడుచుకుంటుందని చూపించేసరికి పాత సిద్ధాంతం కూలిపోయింది.

హార్మోన్ల కథ కూడా ఈ దారిలోనే నడిచింది. అడ్రినలిన్ రాగానే కాలేయం చక్కెర వదులుతుందని తెలుసు, ఎలా వదులుతుందో తెలీదు. గ్లైకోజెన్‌కి ఫాస్ఫేట్ తగిలి విడిపోతుందని కోరీ దంపతులు చూపించారు. ఆ తర్వాత సదర్లాండ్, అడ్రినలిన్ కణం లోపలికి రాదనీ, బయట తలుపు కొడితే లోపల ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ తయారై కబురు మోస్తుందనీ తేల్చాడు. 1971 నోబెల్ దానికే.

అన్నట్టు, కోరీ దంపతులతో 1947 నోబెల్ పంచుకున్నాయన అర్జెంటీనా వాడు, హుస్సే. పిట్యూటరీ గ్రంథికీ చక్కెర వాడకానికీ లంకె చూపించినందుకు ఆయనకిచ్చారు. ఆయనే 1930 ప్రాంతంలో చేపలకి పిట్యూటరీ ఇంజెక్షన్లు ఇచ్చి చూసిన తొలివాళ్ళలో ఒకడు. ఆ దారిలోనే 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి మన చేపలతో గుడ్లు పెట్టించాడు. బొచ్చె, శీలావతి నిలవనీళ్ళ చెరువులో వాటంతటవి గుడ్లు పెట్టవు. కొల్లేరు చుట్టూ ఉన్న చెరువులన్నిటికీ పిల్ల కావాలంటే ఎక్కడో ఒక హేచరీలో హార్మోను సూది పడాల్సిందే. డాక్టరు చదువులో వచ్చే గ్రంథి, కైకలూరు వైపు బేరాల్లో కూడా వినిపించే మాట.

ఫార్వార్డులో లేని ఇంకో సంగతి, ఆయన్ని పోగొట్టుకున్నది ముందు మనమే. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను తొడుక్కుని సర్జరీకి వెళ్ళినందుకు ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, ఎల్ఎంఎస్. ఆ కాగితంతో సర్కారు వైద్య ఉద్యోగం దొరక్క ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పుకున్నారు. మామగారి డబ్బు, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం పట్టుకుని 1922లో బోస్టన్ చేరారు. త్వరలో తిరిగొస్తానని భార్య శేషగిరికి చెప్పి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. హార్వర్డ్ పీహెచ్‌డీ ఇచ్చింది (1930) గానీ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్ళారు. అమెరికా పౌరుడు కాకుండానే 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకి పోయారు. వీసా స్టాంపింగు గురించి రోజూ మాట్లాడుకునే మనకి ఈ వాక్యం ఎక్కడ తగులుతుందో నేను చెప్పక్కర్లేదు.

లెడర్లేలో ఫోలిక్ యాసిడ్ కృత్రిమంగా తయారుచేయడం (1945), దాన్ని పోలిన మందులతో ఫార్బర్ పిల్లల లుకేమియాని కొన్నాళ్ళయినా ఆపడం అందరూ చెప్పేవే. నాకు మటుకు హెట్రజాన్ ముఖ్యం. 1947లో వచ్చింది, డీఈసీ అంటారు. ఏలూరు, భీమవరం, తాడేపల్లిగూడెం వైపు పెరిగినవాళ్ళకి బోదకాలు పుస్తకంలో బొమ్మ కాదు, వీధి చివర అరుగు మీద కూర్చునే మనిషి. ఫైలేరియా పురుగు పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి కాబట్టి ఆరోగ్యశాఖ వాళ్ళు చీకటిపడ్డాక వచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకుంటారు. డీఈసీ వాచిన కాలుని తగ్గించలేదు, రక్తంలో ఆ పిల్లల్ని చంపి దోమకి అందకుండా చేస్తుంది. అందుకే జబ్బు లేనివాళ్ళని కూడా మింగమంటారు. 2004 నుంచి దేశమంతా, జబ్బున్న జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి పంచిన ఆ మాత్రలు మనాయన లేబ్‌లో పుట్టినవే. కళ్ళు తిరుగుతాయని భయపడి చాలామంది వాటిని గూట్లో పెట్టేశారు.